జడ్జి కోచింగ్ ఆదివారం క్లాసులు: మాస్టారికి ఐదు స్టార్లు, నోట్సుకి రెండు

శ్రీకాకుళం సెవెన్ రోడ్స్ జంక్షన్ దగ్గర జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకి కోచింగ్ ఇస్తారు కదా, పేరు రాయను గానీ ఇక్కడ లా చదివినోళ్ళకి తెలిసిపోద్ది. వీళ్ళు ఆదివారాలు వేరే దేశాల్లో జడ్జీల్ని ఎలా పెడతారో చెప్పే క్లాసులు కూడా పెట్టారు. సిలబస్‌లో లేనిది మనకేటి పని అని మా బ్యాచ్‌లో చాలామంది ఎగ్గొట్టేశారు, నష్టం వాళ్ళకే.

అమెరికా రాష్ట్రాల సుప్రీంకోర్టుల క్లాసు ఒక్కటి చాలు డబ్బులు గిట్టిపోయాయనడానికి. మన హైకోర్టు జడ్జీలకి దారి ఒక్కటే, హైకోర్టు చీఫ్ జస్టిసూ ఇద్దరు సీనియర్లూ పేర్లు పంపితే సుప్రీంకోర్టు కొలీజియం (అక్కడి సీనియర్ జడ్జీల బృందం) చూసి ఓకే అంటే రాష్ట్రపతి సంతకం, 62కి ఇంటికి. అక్కడ అలా కాదు, ఏ రాష్ట్రం పద్ధతి దానిదే. టెక్సాస్, అలబామాల్లో జడ్జీలు పార్టీ టికెట్ మీదే పోటీ చేస్తారు, వర్జీనియాలో అసెంబ్లీయే ఎన్నుకుంటుంది. విస్కాన్సిన్‌లో బ్యాలెట్ మీద పార్టీ పేరుండదు, అది పేరుకే, 2025 ఏప్రిల్‌లో ఒక్క సీటు కోసం రెండు వైపులా కలిపి పది కోట్ల డాలర్ల దాకా పోశారట, ఎలాన్ మస్క్ కూడా దిగాడు, ఆయన సపోర్ట్ చేసినాయన ఓడిపోయాడు. మన సర్పంచ్ ఎలక్షన్లే నయం అనిపించింది.

మిజోరీ పద్ధతి మాత్రం మాస్టారు తీరిగ్గా చెప్పారు, 1940 నుంచి ఉందట. ఒక జడ్జి, లాయర్లు ఎన్నుకున్న ముగ్గురు లాయర్లు, గవర్నర్ (అక్కడ జనమే ఎన్నుకుంటారు, మన సీఎం లాంటోడు) పెట్టిన ముగ్గురు మామూలు జనం కలిసిన కమిషన్ మూడు పేర్లు ఇస్తే గవర్నర్ ఒకరిని తీసుకోవాలి, 60 రోజుల్లో తేల్చకపోతే కమిషనే వేసేస్తుంది. మన కొలీజియం పంపిన ఫైళ్ళు ఢిల్లీలో ఎన్నాళ్ళు పడుంటాయో తెలిసినోళ్ళం కదా, క్లాసంతా ఒకటే నవ్వు. తర్వాత ఆ జడ్జిని ఉంచాలా వద్దా అని జనం ఓటేస్తారు. ఇలాంటి ఓటు అయోవాలో కూడా ఉంది, సేమ్ సెక్స్ పెళ్ళిళ్ళ తీర్పు ఇచ్చారని 2010లో ముగ్గురు జడ్జీల్ని ఒకేసారి దించేశారు.

అసలు మజా మధ్యలో ఖాళీ అయిన సీట్ల దగ్గరుంది. ఎన్నికలున్న రాష్ట్రాల్లో కూడా మధ్యలో సీటు ఖాళీ అయితే ఎక్కువ చోట్ల గవర్నరే మనిషిని పెడతాడు, ఆ మనిషి సీట్లో కూర్చుని ఎన్నికకి వెళ్తాడు, ఇంక ఎదురు నిలబడేదెవరు? (ఇల్లినాయిస్‌లో అయితే ఆ సుప్రీంకోర్టే భర్తీ చేసుకుంటుంది.) జార్జియాలో 2020లో కీత్ బ్లాక్‌వెల్ అనే జస్టిస్ టర్మ్ డిసెంబర్ ఆఖరికి అయిపోవాలి, మేలో ఆ సీటుకి ఎన్నిక. ఆయన నవంబర్‌లో దిగిపోతానని ముందే లెటర్ ఇచ్చేశాడు, దాంతో ఎన్నిక క్యాన్సిల్, సీటు గవర్నర్ చేతికి! దీని మీద కేసేస్తే అక్కడి సుప్రీంకోర్టు ఎన్నిక పెట్టమని ఆర్డర్ వెయ్యలేమంది. మరి జనం ఓటుకి విలువేటి మాస్టారూ అని అడిగితే, రాజీనామా తేదీ ఎవరి చేతిలో ఉందో చూసుకో, అదే నీకు ఆన్సరు అన్నారు.

ఇక నోట్సు సంగతి. మసక జెరాక్సు, ఎక్కణ్ణించి ఎత్తారో గానీ "అమెరికా జడ్జీలకి జీవితాంతం పదవి" అని ఒక్క లైన్లో కొట్టేశారు. అది ఫెడరల్ (అంటే కేంద్రం కోర్టుల) జడ్జీల సంగతి, రాష్ట్రాల్లో రోడ్ ఐలాండ్ లాంటివి తప్ప చాలా చోట్ల టర్ములే, విస్కాన్సిన్‌లో పదేళ్ళు, మిజోరీలో పన్నెండు. వైవాలో ఎవరైనా ఇదే చెప్తే గతేటి? ఆఫీసులో చెప్తే చూస్తాం అన్నారు, చూడలేదు.

పొద్దున్న ఏడింటి క్లాసు, టెక్కలి, పలాస నుంచి వచ్చేవాళ్ళకి కష్టమే. ప్రిలిమ్స్ బిట్లే కావాలంటే ఈ క్లాసులు మీకొద్దు, మెయిన్స్‌కి, వైవాకి అయితే కళ్ళు మూసుకుని చేరిపోవచ్చు. కాకపోతే ఆ ఆదివారం మాస్టారే వస్తున్నారా అని ఫోన్ చేసి కనుక్కోండి, ఆయన రాని రోజు కుర్ర సారొచ్చి అదే జెరాక్సు చదివి వెళ్ళిపోతాడు.