‘నానో గోల్డ్’ చుక్కలు కొనేవాళ్లూ, జాగ్రత్త!

ఇప్పుడే కడప నుంచి వస్తున్నా. చేతులింకా వణుకుతున్నాయి. ఆ చుక్కలమ్మే మనిషి ఎవరో ఇక్కడ సగంమందికి తెలుసు, పేరు చెప్పను.

అమ్మకు ఎనిమిదేళ్లుగా కీళ్లవాతం. తగ్గుతుందని మూడు నెలల కింద ఈ చుక్కలు ఒక్కో సీసా 4,500 పెట్టి మూడు కొన్నాను. మాది ప్రొద్దుటూరు. గ్రాము బంగారం కొన్నా గీటురాయి మీద గీసి చూస్తాం. సీసా మీద లేబుల్ మాత్రం చదవలేదు. తప్పు నాదే.

“ఫారిన్‌లో కీళ్లకు బంగారమే ఇస్తారు” అన్నాడు. అందులో సగం నిజం, అందుకే పడిపోయినా. ఆరానోఫిన్ అనే మాత్రకు 1985లో అమెరికాలో అనుమతి వచ్చింది. కానీ అది బంగారు సమ్మేళనం, నానో కణం, అంటే కంటికి కనపడనంత చిన్న బంగారు రేణువు, కాదు. అది కూడా రక్తం, మూత్రం పరీక్షలు చేస్తూ డాక్టర్లు ఇచ్చేది. బంగారు నానో కణాలతో క్యాన్సర్ గడ్డను వేడెక్కించి చంపే పని ఇంకా ప్రయోగాల్లోనే ఉంది. మన ఇళ్లలోకి ఆ కణాలు వచ్చింది ప్రెగ్నెన్సీ కిట్‌లో పడే ఎర్రగీతగా. ఇవన్నీ కొన్న తర్వాత చదివినా.

“డాక్టర్ ఇచ్చిన మాత్రలు ఆపేయండి, ఈ చుక్కలూ అవీ కలిస్తే వేడి చేస్తుంది” అన్నాడు. ఆపేశాం. ఐదో వారానికి అమ్మ వేళ్లు వాచిపోయి జాకెట్ హుక్కు పెట్టుకోలేక చెల్లెల్ని పిలిచింది. ఆ పిలుపు మర్చిపోలేకున్నా.

ఈరోజు వెళ్లి ఒకటే అడిగినా: ఇందులో బంగారం ఎంత ఉంది, ల్యాబ్ రిపోర్టు చూపించు అని. కొన్నప్పుడు “పెద్దమ్మా” అంటూ అమ్మ చెయ్యి పట్టుకుని మెట్లెక్కించినోడు, ఇప్పుడు “ఎవరు నువ్వు? బిల్లుందా?” అన్నాడు. బిల్లు ఇచ్చి ఉంటే కదా! గట్టిగా అడిగేసరికి, “మీయమ్మకు మందు మీద నమ్మకం లేదు, అందుకే పనిచేయలేదు. పో” అన్నాడు, బయట ఆటోలో కూర్చున్న అమ్మకు వినపడేలా.

దారంతా అమ్మ మాట్లాడలేదు. మైదుకూరు దాటాక, “నేనే సరిగ్గా వేసుకోలేదేమో నాయనా” అంది. డబ్బు పోతే పోయింది, ఈ మాట అనిపించినందుకు వాణ్ని వదలను.

డాక్టర్‌ను అడగకుండా మాత్రలు ఆపొద్దు. ఇంగ్లీషు మందైనా ఆయుర్వేదమైనా లేబుల్ మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు లేకపోతే కొనొద్దు, బిల్లు తీసుకోండి. మూడో సీసా మూత తీయలేదు. రేపు డ్రగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫీసుకు అదే పట్టుకుపోతున్నా. మీలో ఎవరైనా కొనుంటే సీసా పారేయకండి, మీరూ రండి.