స్వాల్‌బార్డ్ ఓడ ప్రయాణం: తెల్ల ఎలుగుల కోసం వెళ్లేవాళ్లకి

పోలార్ బేర్‌ని జూలో కాకుండా, అది స్వేచ్ఛగా తిరిగే చోటే చూడాలంటే మనవాళ్లకి కాస్త సులువుగా అందే చోటు స్వాల్‌బార్డ్. నార్వేకి ఉత్తరాన, 78 డిగ్రీల అక్షాంశం దగ్గరున్న ద్వీపాలు. మా ఆయనా నేనూ జులై చివర్లో వెళ్లొచ్చాం. ఫోటోలు ఎవరైనా పెడతారు, డబ్బు ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టక్కర్లేదో చెప్పేవాళ్లు తక్కువ, అందుకే రాస్తున్నాను.

ముందు వీసా. స్వాల్‌బార్డ్‌లో ఉండటానికి వీసా అక్కర్లేదు, కానీ అది షెంగెన్ (ఒకే వీసా మీద తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి) బయట ఉంది, వెళ్లేదేమో ఓస్లో మీదుగా, అంటే పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి షెంగెన్‌లోకి అడుగుపెడతాం, కాబట్టి డబుల్ ఎంట్రీ వీసా ఉండి తీరాలి. మా టూర్ ఏజెంట్ సింగిల్ ఎంట్రీ చాలని గట్టిగా చెప్పాడు. ఆ మాట నమ్మి ఉంటే తిరుగు ప్రయాణంలో ఇరుక్కుపోయేవాళ్లం. వీసా అప్లికేషన్ మీరే ఒకసారి చదువుకోండి, ఎవరికీ వదిలేయొద్దు.

ఓడ ఎక్కేది లాంగ్‌యియర్‌బీన్‌లో. రెండున్నర వేల మంది ఉండే ఊరు, బొగ్గు గనుల కోసం పుట్టింది. అక్కడ నార్వే వాళ్ల చివరి గని 2025లో మూతపడింది. మేం దిగింది ఒకప్పుడు గని కార్మికులు ఉన్న పాత బ్యారక్‌లో నడుపుతున్న గెస్ట్‌హౌస్‌లో. గది చిన్నదే, బాత్‌రూమ్ అందరికీ కలిపి, అయినా వంటగది వాడుకోనిస్తారు, ఆ ఊళ్లో హోటల్ భోజనం ధరలు చూశాక అదెంత గొప్ప సౌకర్యమో తెలుస్తుంది. గుమ్మంలోనే బూట్లు విప్పేయాలి, గని మసి ఇంట్లోకి రాకుండా పెట్టుకున్న అలవాటట, మ్యూజియంలో కూడా అంతే. రాత్రి పన్నెండింటికీ ఎండ కాస్తూనే ఉంటుంది, కళ్లకి కట్టుకునే గంతలు తీసుకెళ్లండి.

ఊరికి దగ్గర్లోనే కొండలోకి తవ్విన, ప్రపంచ దేశాల పంట విత్తనాలు దాచే ఖజానా ఉంది, 2008లో తెరిచారు. లోపలికి పంపరు, బయటి తలుపు వరకే. టాక్సీ డబ్బులు దండగ అంటారు చాలామంది, నేను ఒప్పుకోను. మన పటాన్‌చెరులో ఉన్న పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ నుంచి వెళ్లిన జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ విత్తనాలు ఆ తలుపు వెనకే ఉన్నాయి. 2016లో వానలకీ వేడికీ నీళ్లు ప్రవేశ సొరంగంలోకి వచ్చేశాయి. విత్తనాలకి ఏం కాలేదు. కానీ ఎప్పటికీ గడ్డకట్టే ఉంటుందనే నమ్మకంతో ఎంచుకున్న కొండ అది.

ఇక ఓడ. 2025 నుంచి అక్కడి రక్షిత ప్రాంతాల్లోకి 200 మందికి మించిన ఓడల్ని రానివ్వడం లేదు, దిగే చోట్లు కూడా 43కి కుదించారు. ఓడ ఎంత చిన్నదైతే అంత మంచిది, ఎందుకంటే ఒడ్డుకి తీసుకెళ్లే రబ్బరు పడవల్లో మన వంతు తొందరగా వస్తుంది. మాది వంద మందికి కాస్త పైబడిన ఓడ. బాల్కనీ గదికి అదనంగా లక్షలు పోయకండి, మెలకువగా ఉన్నంతసేపూ డెక్ మీదే ఉంటారు. కింది అంతస్తులో గుండ్రటి కిటికీ గది చాలు, ఊగుడు కూడా అక్కడ తక్కువ. శాకాహారం విషయంలో మాత్రం ఓడవాళ్లు నిరాశపరిచారు. ముందే రాసిచ్చినా మొదటి రోజుల్లో ఉడకబెట్టిన కూరగాయలూ పాస్తానే, గట్టిగా అడిగాక పప్పూ అన్నం మొదలుపెట్టారు. ఆవకాయ, కందిపొడి లేకుండా బయల్దేరొద్దు. ఇంటర్‌నెట్ ప్యాకేజీ కొన్నవాళ్లంతా డబ్బు పోయిందనే అన్నారు.

మనం పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం చేసింది గైడ్లు. మనం దిగేముందు వాళ్లు తుపాకులతో దిగి ఎలుగు జాడ లేదని చూసుకుంటారు, ఏ మాత్రం అనుమానం వచ్చినా ఆ దిగుడు రద్దు. మాకూ ఒకచోట రద్దయింది, పొగమంచులో దూరం కనబడటం లేదని. కొందరు విసుక్కున్నారు. ఎలుగు మీదికొస్తే చివరికి చచ్చేది ఎక్కువగా ఎలుగే, అందుకే ఆ జాగ్రత్త అని ఒక గైడ్ చెప్పాక నాకు ఆ విసుగు అస్సలు సబబు అనిపించలేదు.

ఎలుగుకి ఎంత దగ్గరగా వెళ్లొచ్చు అని అందరూ అడుగుతున్నారు. మార్చి నుంచి జూన్ ఆఖరు దాకా 500 మీటర్లు, మిగతా నెలల్లో 300 మీటర్లు, అంతకన్నా లోపలికి ఓడైనా పడవైనా పోకూడదు, ఇది చట్టం. ఈ రూల్ వచ్చాక ట్రిప్ వేస్ట్ అనేవాళ్ల మాట వినకండి. మేం చూసిన ఎలుగు మంచు పలక మీద సీల్‌ని తింటోంది. ఓడ ఇంజన్ చప్పుడు తగ్గించి, అందరినీ గుసగుసగా మాట్లాడమన్నారు. బైనాక్యులర్స్‌లో మెడ దాకా ఎరుపు, పక్కనే మిగిలింది తినడానికి కాచుక్కూచున్న తెల్లటి గల్ పక్షులు. ఎలుగు ఒకసారి తలెత్తి మా వైపు వాసన చూసి, మళ్లీ తిండిలో పడిపోయింది. మన వల్ల దాని భోజనం ఆగలేదు, అంతకన్నా ఏం కావాలి? మంచి బైనాక్యులర్స్ కొనండి, కెమెరా తర్వాత.

అక్కడ మనుషుల కన్నా ఎలుగులే ఎక్కువ అని బ్రోషర్లలో రాస్తారు. అది పూర్తి నిజం కాదు. చుట్టూ ఉన్న మొత్తం బారెంట్స్ సముద్ర ప్రాంతానికి వేసిన లెక్క దాదాపు 3000, స్వాల్‌బార్డ్‌లో ఏడాది పొడుగునా ఉండేవి సుమారు 300. సీల్ దొరికేది మంచు పలక మీద, ఆ పలక ఉత్తరానికి జరిగిపోతుంటే ఒడ్డున మిగిలినవి పక్షి గుడ్లూ, రెయిన్‌డీర్లూ తింటున్నాయి. ఖాళీ అయిన బాతు గూళ్లు ఒక దీవిలో మేమూ చూశాం.

బ్రోస్వెల్‌బ్రీన్ అనే గ్లేసియర్ దగ్గర మంచు గోడ అంచు నుంచి జలపాతాలు సముద్రంలోకి పడుతుంటాయి. అది ఆస్ట్‌ఫోనా అనే పెద్ద మంచు దుప్పటిలో భాగం, దాని అంచు పొడవు సుమారు 180 కిలోమీటర్లు, ఓడ గంటల తరబడి పక్కనే వెళ్తుంది. అందరూ అందంగా ఉందంటున్నారు, నాకు మాత్రం కడుపులో దేవినట్టయింది, అంత నీరు అంత ధారాళంగా పోతుంటే. మరో గ్లేసియర్ ముందు పడవ ఇంజన్ ఆపేస్తే, తేలే మంచు ముక్కలు నూనెలో ఆవాలు వేసినట్టు చిటపటమంటున్నాయి. ఎప్పుడో చిక్కుకున్న గాలి బుడగలు పగిలే చప్పుడు అది. అదే గ్లేసియర్ పాత మ్యాప్‌లో ఎక్కడిదాకా ఉందో గైడ్ చూపించింది, మా పడవ అప్పటికి ఆ గీతకి చాలా లోపల ఉంది.

నై-ఓలెసుండ్ అనే పరిశోధకుల ఊళ్లో ఆగే ఓడైతే ఇంకా మంచిది. మన దేశపు పరిశోధన కేంద్రం హిమాద్రి అక్కడే, 2008 నుంచి నడుస్తోంది. శాస్త్ర పరికరాలకి అడ్డం రాకుండా ఫోన్‌లో వైఫై, బ్లూటూత్ అన్నీ ఆపేయాలి. చెక్క భవనం మీద హిమాద్రి పేరు చూడగానే మా ఆయన కళ్లు చెమర్చాయి.

నెల ఎంచుకోవాల్సి వస్తే: జూన్‌లో మంచు ఎక్కువ, దృశ్యం గొప్పది, కానీ ఓడ కొన్ని జలసంధుల్లోకి పోలేదు, ఎలుగు దూరం 500 మీటర్లు. ఆగస్టులో ద్వీపాలన్నీ చుట్టొచ్చు, మంచు పలకల కోసం మాత్రం బాగా ఉత్తరానికి పోవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని తీసుకెళ్తుంటే పడవలోకి ఎక్కడం దిగడం గురించి ఓడవాళ్లని ముందే అడగండి, హెలికాప్టర్ తరలింపు కూడా కలిసిన ఇన్సూరెన్స్ తీసుకోండి, అక్కడి ఆసుపత్రి చాలా చిన్నది.