జాగ్రత్త: ‘వెయ్యి మందికి సరిపోతుంది’ అని అంటగడుతున్న సౌండ్ సెట్లు

పెళ్లి ఆర్కెస్ట్రాలు, భజన బృందాలు, చర్చి పాటల బృందాలు, కాలేజీ బ్యాండ్లు... సొంత సెట్ కొనుక్కుందామని చూస్తున్న వాళ్లందరికీ ఈ హెచ్చరిక. డబ్బు కట్టకముందే చదవండి.

రెండు డబుల్ ఫిఫ్టీన్ బాక్సులు (ఒక్కోదాంట్లో 15 అంగుళాల స్పీకర్లు రెండు), ఒక ఆంప్లిఫయర్, మిక్సర్, నాలుగు మైకులు, రెండు స్టేజి మానిటర్లు (పాడేవాళ్లకు వినిపించేలా వాళ్లవైపు తిప్పి పెట్టే బాక్సులు) కలిపి ‘ఫుల్ సెట్’ అని ఒకే రేటు చెబుతున్నారు. ‘4000 వాట్స్, వెయ్యి మందికి ఢోకా లేదు’ అని హామీ కూడా ఇస్తున్నారు. అలాంటి సెట్ ఒకటి ఈమధ్య ఒక ఐదుగురి బృందం కొన్నది. ఇద్దరు గాయకులు, కీబోర్డు, తబలా, ప్యాడ్స్. ఆరుబయట మొదటి పెద్ద కార్యక్రమంలోనే వెనక సగం జనానికి పాట తెలియలేదు. వాల్యూమ్ పెంచితే మైకులు కూత పెట్టాయి. ఇంకా పెంచితే ఆంప్లిఫయర్ తనను తాను కాపాడుకోవడానికి ప్రొటెక్షన్‌లోకి వెళ్లి ఆగిపోయింది, కాసేపటికి వచ్చి మళ్లీ ఆగింది. చివరికి రెండు బాక్సుల్లోనూ హారన్లు (పైస్థాయి ధ్వనులిచ్చే భాగాలు) మూగబోయాయి. షాపు వాళ్లు ‘మీరు ఓవర్‌గా వాడారు, కాయిల్ (స్పీకరు లోపలి తీగచుట్ట) కాలితే వారంటీ రాదు’ అని చేతులు దులుపుకున్నారు. ఇలాంటి సెట్లు ఒక్క చోటే అమ్మడం లేదు, అందుకే షాపు పేరు కన్నా మోసం ఎక్కడుందో చెప్పడం ముఖ్యం. అది తెలిస్తే ఏ ఊళ్లో ఏ షాపులోనైనా పట్టుకోవచ్చు.

ముందు వాట్ల సంగతి. ఆ 4000 అంకె పీఎంపీవో, అంటే క్షణకాలపు గరిష్ఠ పవర్ అని చెప్పుకునే లెక్క. దానికి ప్రమాణం అంటూ ఏదీ లేదు, ఎవరికి తోచింది వాళ్లు అచ్చేసుకోవచ్చు. మీకు కావలసింది ఆర్‌ఎంఎస్, అంటే ఆగకుండా ఇవ్వగలిగే పవర్. అది లేబుల్ మీద కనిపించకపోతే ఆంప్లిఫయర్ వెనక్కి తిప్పి ఫ్యూజు చూడండి. పైన చెప్పిన సెట్‌లో 3 ఆంపియర్ల ఫ్యూజు ఉంది. 230 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లంటే 690 వాట్లు. గోడలోంచి తీసుకునేదే అంతైతే బాక్సులకు 4000 ఎక్కణ్నుంచి వస్తుంది? పాతరకం క్లాస్ ఏబీ ఆంప్లిఫయర్ తీసుకున్నదాంట్లో 60 శాతం దాకా బయటికి ఇస్తుంది, మిగతాది వేడి. అంటే రెండు చానళ్లకూ కలిపి 400, ఒక్కోదానికి 200. కొత్తరకం క్లాస్ డీ అయితే 85 శాతం దాకా వేసుకోవచ్చు. ఫ్యూజు క్షణకాలం ఎక్కువ కరెంటును ఓర్చుకుంటుంది కాబట్టి ఇది ఉజ్జాయింపు లెక్కే. కానీ 400కీ 4000కీ తేడా పట్టుకోవడానికి ఇది చాలు.

ఇప్పుడు అసలు ప్రశ్న: ఆ 200 వాట్లు ఎంతమందికి సరిపోతాయి? ఇక్కడే కొనేవాళ్లలో ఎక్కువమంది దెబ్బతింటున్నారు. జనం లెక్క కాదు చూడాల్సింది, చివరి వరస ఎంత దూరంలో ఉందన్నది. ఆరుబయట దూరం రెట్టింపైన ప్రతిసారీ శబ్దం 6 డెసిబెల్స్ పడిపోతుంది. పవర్ రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్సే. చెవికి ‘రెండింతలు పెరిగింది’ అనిపించాలంటే 10 డెసిబెల్స్ కావాలి, అంటే పది రెట్ల పవర్. కాబట్టి ‘ఇంకో 100 వాట్లు ఎక్కువ ఉన్న మోడల్ తీసుకోండి’ అన్న సలహాకు అదనంగా డబ్బు కట్టొద్దు.

అంకెల్లో చూద్దాం. ఒక వాటు ఇచ్చి ఒక మీటరు దూరంలో కొలిస్తే ఎన్ని డెసిబెల్స్ వస్తాయో దాన్ని సెన్సిటివిటీ అంటారు. ఇలాంటి బాక్సుకు 95 వేసుకుందాం. 200 వాట్లు దానికి 23 కలుపుతాయి, 118. రెండు బాక్సులు కలిస్తే ఇంకో 3, మొత్తం 121. ఇది ఆంప్లిఫయర్ అంచు మీద నడిచినప్పటి సంగతి. తబలా దెబ్బకీ, గాయకుడు గొంతు ఎత్తినప్పటికీ జాగా ఉంచాలి కాబట్టి సగటు స్థాయి 10 తగ్గించి 111 అనుకోవాలి. కుర్చీలు, దారులు కలిపి మనిషికి 0.8 చదరపు మీటర్లు వేస్తే 400 మందికి 16 మీటర్ల వెడల్పు, 20 మీటర్ల లోతు కావాలి. స్టేజి ముందు ఖాళీతో కలిపి చివరి వరస 23 మీటర్లు. అక్కడికి 27 డెసిబెల్స్ పోతాయి, మిగిలేది 84. సందడిగా ఉన్న జనం చేసే చప్పుడే 70, 75 ఉంటుంది. పాట దానికి 10 పైన ఉంటేనే హాయిగా వినిపిస్తుంది. కాబట్టి 400 మందికి అంతంతమాత్రంగా నడుస్తుంది. అదే వెయ్యి మందైతే చివరి వరస 43 మీటర్లకు వెళ్తుంది. 33 పోతే మిగిలేది 78. మాటలు జనం గోలలో కలిసిపోతాయి. అందులోనూ గంటసేపు వేడెక్కిన కాయిల్ అవుట్‌పుట్ ఇంకో 2, 3 డెసిబెల్స్ తగ్గిస్తుంది.

ఆంప్లిఫయర్ ఎందుకు ఆగిపోయిందో కూడా చూడండి, ఇది పూర్తిగా అమ్మినవాళ్ల తప్పు. ఓమ్స్ అంటే కరెంటుకు స్పీకరు ఇచ్చే నిరోధం, అది తగ్గేకొద్దీ ఆంప్లిఫయర్ మీద భారం పెరుగుతుంది. డబుల్ ఫిఫ్టీన్ బాక్సులో రెండు 8 ఓమ్స్ వూఫర్లు (బాస్ స్పీకర్లు) పేరలల్‌గా, అంటే పక్కపక్కనే కలిపి ఉంటాయి, బాక్సు 4 ఓమ్స్ అవుతుంది. ఆంప్లిఫయర్ మీద ‘చానల్‌కి కనీసం 4 ఓమ్స్’ అని రాసుంది. అక్కడితో ఆగితే బాగానే ఉండేది. కానీ మానిటర్లకు వేరే ఆంప్లిఫయర్ ఇవ్వకుండా, బాక్సు వెనక రెండో సాకెట్ నుంచే వాటికి వైరు లాగమని చెప్పారు. 4 ఓమ్స్‌కి 8 ఓమ్స్ మానిటర్ కలిస్తే 2.67 అవుతుంది. ఆంప్లిఫయర్ వేడెక్కి ఆగక ఏం చేస్తుంది? పైగా మెయిన్ బాక్సుల్లో పెంచినదల్లా మానిటర్లలోనూ పెరుగుతుంది, మైకు ముందే మోగుతుంది, కూత మొదలవుతుంది. మానిటర్లకు వేరే ఆంప్లిఫయర్, మిక్సర్‌లో వేరే ఆక్స్ అవుట్ (మానిటర్లకు విడిగా సిగ్నల్ పంపే దారి) లేని ‘ఫుల్ సెట్’ ఫుల్ సెట్ కాదు.

దీన్ని షాపులోనే పట్టుకోవచ్చు. చిన్న మల్టీమీటరు వెంట తీసుకెళ్లండి. బాక్సు సాకెట్‌లో పెట్టి ఓమ్స్ చూడండి. 8 ఓమ్స్ స్పీకరు మీటరులో 5.5 నుంచి 6.5 మధ్య చూపిస్తుంది, 4 ఓమ్స్ అయితే 3 దగ్గర. లేబుల్ మీద 8 అని ఉండి మీటరు 3 చూపిస్తే ఆ లేబుల్ అబద్ధం. అమ్మేవాళ్లు మీటరు పెట్టనివ్వకపోతే అక్కడ కొనకండి.

హారన్లు కాలడానికి రెండు కారణాలున్నాయి. బాక్సు విప్పితే క్రాసోవర్ (బాస్‌ను వూఫర్‌కు, పైస్థాయి ధ్వనిని హారన్‌కు విడదీసేది) అని చెప్పుకోవడానికి ఉన్నది హారన్ వైరుకు టంకం వేసిన ఒకే ఒక్క కెపాసిటర్. క్రాసోవర్‌లో ఉండాల్సిన తీగచుట్ట లేదు, హారన్‌ను కాపాడే బల్బు లేదు, బోర్డే లేదు. ఒక్క కెపాసిటర్‌తో బాస్ పూర్తిగా ఆగదు, కొంత హారన్ లోపలికి పోయి పల్చటి డయాఫ్రమ్‌ను కొడుతూనే ఉంటుంది. దానికి తోడు ఆంప్లిఫయర్ శక్తి చాలక క్లిప్ అయింది, అంటే సిగ్నల్ కొసలను కోసేసింది. క్లిప్ అయిన సిగ్నల్‌లో లేనిపోని పైస్థాయి ధ్వనులు పుట్టి నేరుగా హారన్‌కే వెళ్తాయి. ఆంప్లిఫయర్ మీది ఎర్ర క్లిప్ లైటు అప్పుడప్పుడు మినుక్కుమంటే ఫరవాలేదు, నిలకడగా వెలుగుతుంటే హారన్ కాలడం మొదలైనట్టే. అందుకే వెనక ప్లేటు విప్పి క్రాసోవర్ చూపించమని అడగండి. వూఫర్ కాయిల్ సైజు కూడా అడగండి. మామూలుగా 2 అంగుళాల కాయిల్ 200 వాట్ల ప్రాంతంలో, 3 అంగుళాలది 400 ప్రాంతంలో తట్టుకుంటుంది. 2 అంగుళాల కాయిల్ పెట్టి ‘1000 వాట్స్’ అంటే నమ్మొద్దు.

షాపులో డెమో వినిపించి మురిపిస్తారు. చిన్న గదిలో నాలుగు గోడలూ కలిసి బాస్‌ను పెంచుతాయి, పది అంగుళాల బాక్సు కూడా అక్కడ గర్జిస్తుంది. అలా ఒప్పుకోకండి. ఆరుబయట, ఖాళీ స్థలంలో పెట్టమనండి. మీ మైకు, మీ కీబోర్డు, మీ తబలా తీసుకెళ్లండి. పెన్ డ్రైవ్‌లో పాట వేసి వినడం పరీక్ష కాదు, రికార్డు చేసిన పాటలో హెచ్చుతగ్గులను ముందే నొక్కి సమం చేసి ఉంచుతారు. అసలు గొంతు, అసలు తబలా అలా ఉండవు. క్లిప్ లైటు మినుకుమనే దాకా పెంచి కాస్త తగ్గించండి. ఫోన్‌లో సౌండ్ మీటరు యాప్ పెట్టుకుని 8 మీటర్ల దగ్గర, 16 మీటర్ల దగ్గర చూడండి. రెండింటి మధ్య సుమారు 6 డెసిబెల్స్ తేడా రావాలి. ఫోన్ అంకె కచ్చితం కాకపోయినా తేడా తెలుస్తుంది. పై లెక్క ప్రకారం (111లో 24 పోగా) 16 మీటర్ల దగ్గర 87 రాకపోతే ఆ సెట్ 400 మందికి చాలదు. అలాగే అరగంట నడిపించి ఆంప్లిఫయర్‌ను చేత్తో తాకండి, కాలిన వాసన వస్తోందేమో చూడండి. రెండు బాక్సుల మధ్య నిలబడితే బాస్ మాయమై, ఒక బాక్సు వైరు తిప్పి పెడితే వస్తే, లోపల ప్లస్ మైనస్ తారుమారు చేశారన్నమాట.

మరి ఏం కొనాలి? మీరు ఎక్కువసార్లు వాయించే జనానికి తగ్గట్టు కొనండి, ఏడాదికి ఒకటి రెండుసార్లు వచ్చే పెద్ద కార్యక్రమానికి అద్దెకు తెచ్చుకోండి. ఇదే మా గట్టి అభిప్రాయం. నూరు మంది హాలుకు నిజమైన 250 నుంచి 300 ఆర్‌ఎంఎస్ ఉన్న 12 అంగుళాల పవర్డ్ బాక్సులు రెండు, ఒక మానిటర్ చాలు. ఆంప్లిఫయర్, క్రాసోవర్ లోపలే ఉంటాయి కాబట్టి ఓమ్స్ గొడవ ఉండదు. 300 మంది దాకా, అందులో ప్యాడ్స్, బాస్ గిటార్ ఉంటే, దానికి ఒక 18 అంగుళాల సబ్ (బాస్ కోసమే ఉండే బాక్సు) జోడించండి. బాస్ భారమంతా సబ్ మోస్తే పై బాక్సులు గొంతులకు తేలిగ్గా పనిచేస్తాయి. భజన బృందానికి సబ్ అక్కర్లేదు. వెయ్యి మందికి ముందు బాక్సులనే పెద్దవి చేసుకుంటూ పోవడం తప్పు పద్ధతి. ముందు వరస చెవులు చిల్లులు పడతాయి, వెనక ఇంకా చాలదు. సగం దూరంలో ఇంకో జత బాక్సులు పెట్టి, వాటికి డిలే ఇవ్వాలి, అంటే వాటి శబ్దం కాస్త ఆలస్యంగా వచ్చేలా పెట్టాలి. శబ్దం ఒక మీటరు నడవడానికి సుమారు 3 మిల్లీసెకన్లు పడుతుంది. 20 మీటర్ల దగ్గర పెడితే 60, పైన ఇంకో 10 కలిపితే పాట స్టేజి వైపు నుంచే వస్తున్నట్టు ఉంటుంది. డిలే లేకుండా పెడితే ప్రతి మాటా రెండుసార్లు వినిపించి గందరగోళమవుతుంది.

హారన్ జనం తలల మీదుగా చూడాలి. స్టేజి నేల మీద పెట్టిన బాక్సులోంచి వచ్చే పైస్థాయి ధ్వనిని మొదటి రెండు వరసల మనుషులే మింగేస్తారు. స్టాండు మీద హారన్ 2.2 నుంచి 2.5 మీటర్ల ఎత్తున ఉండి, చివరి వరసల వైపు కొద్దిగా వంచి ఉండాలి. మైకులన్నీ బాక్సుల వెనకే ఉండాలి. తెరిచిన మైకుల సంఖ్య రెట్టింపైతే కూత రాకుండా పెంచగలిగే హద్దు 3 డెసిబెల్స్ తగ్గుతుంది, కాబట్టి పాడని వాళ్ల మైకు కట్టేయండి. నోటికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకును 5కు తెస్తే ఉచితంగా 6 డెసిబెల్స్ వస్తాయి. రేకుల కప్పు, టైల్స్, అద్దాలు ఉన్న ఫంక్షన్ హాల్లో పవర్ పెంచితే మాట ఇంకా చెడిపోతుంది. అక్కడ కావలసింది బాక్సులను జనానికి దగ్గరగా, గోడలకు దూరంగా తిప్పడం.

సెట్‌తో ఉచితంగా ఇచ్చే స్పీకరు వైరును బ్లేడుతో గీకి చూడండి. పైన ఎర్రగా, లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి పూసిన అల్యూమినియం. నిజమైన రాగి వైరైనా 1 చదరపు మిల్లీమీటరుది 20 మీటర్లు లాగితే రానూపోనూ 0.7 ఓమ్స్ నిరోధం ఉంటుంది. 4 ఓమ్స్ బాక్సుకు ఒక డెసిబెల్‌కు పైనే అక్కడే పోతుంది. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు కొనండి. పల్లెల్లో వోల్టేజి 180కి పడితే పాత ట్రాన్స్‌ఫార్మర్ రకం ఆంప్లిఫయర్ పవర్ 40 శాతం దాకా తగ్గిపోతుంది, కొనేటప్పుడు అది కూడా లెక్కలో వేసుకోండి.

అవసరానికి మించి పెద్దది కొన్నా చిక్కే. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా ఆరుబయట లౌడ్‌స్పీకర్లు నిషేధం. బహిరంగ స్థలంలో సరిహద్దు దగ్గర ఆ ప్రాంతపు పరిమితి కన్నా 10 డెసిబెల్స్ ఎక్కువ లేదా 75, రెండింటిలో ఏది తక్కువైతే అది దాటకూడదు. ఇళ్ల మధ్య పగటి పరిమితి 55, అంటే సరిహద్దు దగ్గర 65 దాకానే.

బిల్లు మీద ‘ఫుల్ సెట్’ అని ఒక్క ముక్క రాయించుకోవద్దు. ఒక్కో వస్తువు మోడల్, సీరియల్ నంబరు, ఆర్‌ఎంఎస్ వాట్లు, ఓమ్స్, కాయిల్‌కు వారంటీ ఉందా లేదా అన్నది జీఎస్టీ బిల్లు మీదే రాయించండి. ‘వెయ్యి మందికి’ అన్న మాట వాట్సాప్‌లో అడిగి జవాబు రాతలో తెప్పించుకుని దాచుకోండి. ఇప్పటికే మోసపోయి ఉంటే 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అక్కడ తేలకపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద మీరు నివసించే జిల్లాలోనే కమిషన్‌కు వెళ్లవచ్చు, షాపు ఉన్న ఊరికి తిరగనక్కర్లేదు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు రెండేళ్లు. ‘మీరు వ్యాపారానికి కొన్నారు, మీరు వినియోగదారులు కారు’ అని షాపు వాళ్లు వాదిస్తారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికి కొన్నవాళ్లను చట్టం వినియోగదారులుగానే చూస్తుంది, ఆ ముక్క ఫిర్యాదులో మొదటి పేరాలోనే రాయండి.