వెస్ట్రే నుంచి పాపా వెస్ట్రేకి విమానమా, పడవా?

స్కాట్లాండ్ ఓర్క్నీలో ఈ రెండు బుల్లి దీవుల ఎయిర్‌పోర్టుల మధ్య దూరం 2.7 కిలోమీటర్లే, లోగన్ఎయిర్ 1967 నుంచి ఇక్కడ ఫ్లైట్ నడుపుతోంది, ప్రపంచంలోనే అతి చిన్న షెడ్యూల్డ్ ఫ్లైట్ ఇదే. టైమ్‌టేబుల్లో రెండు నిమిషాలని ఉంటుంది గానీ గాలి వెనకనుంచి తోస్తే ఇంకా తక్కువే, రికార్డు 53 సెకన్లు! అంటే లెక్కన గంటకి 180 కిలోమీటర్ల పైమాటే. ఐలాండర్ అనే బుల్లి విమానం, రెండు ప్రొపెల్లర్లు, ఎనిమిది మంది పడతారు, అదృష్టం ఉంటే పైలట్ పక్క సీటే దొరుకుతుంది, సీటు బెల్టు సర్దుకునేలోపే దిగిపోవడమే.

పడవకి దాదాపు 25 నిమిషాలు. చూడ్డానికి పది రెట్లు తేడా కదా, కానీ విమానానికి ముందే వెళ్లి కూర్చోవాలి, ఎయిర్‌పోర్టేమో దీవి చివర్న ఉంది, పడవ మాత్రం పియరోవాల్ ఊరి దగ్గరే ఎక్కొచ్చు, సో ఇంటినుంచి ఇంటికి లెక్కేస్తే ఆ తేడా చాలావరకు కరిగిపోతుంది. పొగమంచు పడితే విమానం లేదు, సముద్రం రేగితే పడవ లేదు, అక్కడ మాత్రం ఇద్దరూ సమానమే.

నేనైతే వెళ్లేటప్పుడు విమానం, వచ్చేటప్పుడు పడవ అంటాను.