రంగనతిట్టు పడవ, భరత్‌పూర్ రిక్షా, నేలపట్టు టవర్

ముందే చెప్పేస్తున్నా, ఎన్ని రకాల పక్షులు కనిపించాయన్న లెక్క నాకు పట్టదు. పక్షి కంటి ఎత్తులో కెమెరా పెట్టగలిగానా లేదా, అంతే. పక్షుల ఫొటోల కోసం రెండు చలికాలాల్లో నాలుగు చోట్లకి వెళ్లొచ్చాను, నా మార్కులన్నీ ఆ లెక్కనే.

ఆ లెక్కలో కర్ణాటకలోని రంగనతిట్టుని కొట్టేది లేదు. కావేరిలో చిన్న చిన్న లంకలు, వాటి మధ్య తెడ్డు పడవలు. 1940లో పక్షి శాస్త్రవేత్త సాలిం అలీ చెప్పాకే దీన్ని పక్షుల కేంద్రంగా ప్రకటించారు. మొదటిరోజు అందరితో కలిసి ఎక్కితే సెల్ఫీల కోసం జనం లేవడం, పడవ ఊగడం, నా ఫ్రేములో సగం ఆకాశం. రెండోరోజు విడిగా పడవ మాట్లాడుకున్నా. పడవ నడిపే ఆయన నేను అడగకుండానే ఎండ నా వీపు మీద పడేలా తిప్పి, తెడ్డు నీళ్లలోకి దించి కదలకుండా ఆపేశాడు. ఎదురుగా ఎర్రకాళ్ల కొంగ, ముక్కున పుల్ల, దాన్ని గూట్లో ఎక్కడ దూర్చాలో తేలక నాలుగుసార్లు పెట్టి తీసింది. ఎంత దగ్గరంటే 150-600 మి.మీ. జూమ్ లెన్సులో 600 దగ్గర తల మాత్రమే పట్టింది, 250కి తగ్గించాల్సి వచ్చింది. ట్రైపాడ్ మోసుకెళ్లకండి, పడవతో పాటు అదీ ఊగుతుంది. షటర్ 1/2000 సెకనుకి పెట్టి చేత్తో తీసుకోవడమే. బండ మీద నోరు తెరుచుకుని పడుకున్న మొసలిని చూసి మనకోసమే అనుకుని టెన్షన్ పడకండి, ఒంటి వేడి తగ్గించుకోవడానికి అలా తెరుస్తాయి.

రాజస్థాన్‌లోని భరత్‌పూర్ కథ వేరు. అక్కడి కేవలాదేవ్ పార్కు సుమారు 29 చదరపు కిలోమీటర్లు, నేను వెళ్లినప్పుడు తిరగాలంటే సైకిల్ రిక్షా ఎక్కడమో, సైకిల్ తొక్కడమో, నడవడమో. నేను రిక్షా ఎక్కాను, అదే మంచిదైంది. దాన్ని చూసి పక్షులు బెదరవు, మనం కాలు కింద పెడితే మాత్రం లేచిపోతాయి. రిక్షా అతనికి ఏ చెట్టు తొర్రలో ఏ గుడ్లగూబ ఉంటుందో కంఠతా వచ్చు. పొగమంచులో బెగ్గురు కొంగల జంట కూత వినిపించాక అవి కనబడటానికి ఇరవై నిమిషాలు పట్టింది, అతను మాత్రం అటే వేలు పెట్టి చూపిస్తూ కూర్చున్నాడు. సైబీరియా కొంగల కోసమైతే వెళ్లకండి, 2002 తర్వాత రాలేదు. లోపల ఒక రాతి ఫలకం ఉంది, పాత వేటల లెక్క: 1938లో ఒక్కరోజే 4,273 పక్షులు. అది చదివాక కాసేపు కెమెరా ఎత్తబుద్ధి కాలేదు.

బస సంగతి. తెల్లవారుజామున గేటు తీస్తామని మాటిచ్చిన హోటల్లో వాచ్‌మన్ నిద్ర లేవడానికి అరగంట పట్టింది. బయట ఎలాగూ చేయి చాస్తే వేళ్లు కనిపించని మంచు కాబట్టి తిట్టలేదు. గది శుభ్రమే, హీటర్ కూడా బాగుంది. బయటి చలిలోంచి వచ్చి ఆ వెచ్చటి గదిలో కెమెరా బయటికి తీశానో లేదో అద్దమంతా చెమ్మ. బ్యాగు జిప్పు తీయకుండా గంటసేపు వదిలేయాలి, మర్చిపోకండి.

సూళ్లూరుపేట దగ్గరి నేలపట్టు మీద పెట్టుకున్న ఆశలు ఎక్కువ, వచ్చిన ఫొటోలు తక్కువ. నీళ్లలో నిలబడ్డ చెట్ల నిండా గూడబాతులు (పెలికాన్లు), కానీ వాచ్ టవర్ మీద నుంచి తీస్తే అన్నీ వీపులే. ఒక్కటి మాత్రం మర్చిపోలేను: పిల్ల తన తల, మెడ మొత్తం తల్లి గొంతు సంచిలోకి దూర్చేసి చేపలు లాక్కుంటుంటే తల్లి తూలిపోతోంది. ఫొటో పనికిరాలేదు, బైనాక్యులర్స్‌లో చూసిందే మిగిలింది.

అక్కణ్నుంచి పులికాట్ సరస్సు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచే పోతుంది. కారు కిటికీలోంచి రాజహంసలు (ఫ్లెమింగోలు), ఇంతకంటే సుఖమేముంది అనుకున్నా. తీరా తొమ్మిది దాటాక నీళ్ల మీద వేడిగాలి ఆడుతూ ప్రతి ఫొటోలో కాళ్లు వంకర్లు తిరిగాయి, ఎంత పెద్ద లెన్సున్నా దానికి మందు లేదు. ఆపైన బాడుగ కారు డ్రైవర్ సాయం చేద్దామని హారన్ గట్టిగా కొట్టాడు, "ఎగిరితేనే కదా సార్ ఫొటో బాగుండేది" అని. మొదట ఒక తల లేచింది, తర్వాత పక్కది, తర్వాత మందంతా లేచి దూరంగా గులాబీ గీతలా వాలింది. మేత మీదున్న వాటిని లేపినందుకు అతనితో గట్టిగానే మాట్లాడాను, ఇద్దరం మౌనంగా తిరిగొచ్చాం.

మొదటిసారి వెళ్లేవాళ్లు కళ్లు మూసుకుని రంగనతిట్టు వెళ్లండి. నేను మాత్రం పులికాట్‌కే మళ్లీ పోవాలి, ఈసారి తెల్లారకముందే, హారన్ ముట్టుకోనని ముందే ఒప్పుకున్న డ్రైవర్‌తో.