పాత క్యాటర్‌పిల్లర్ డీ4: పట్టేసిన స్టీరింగ్ క్లచ్‌లు, ఆ తర్వాత ఏళ్ల వాడకం

టెక్సాస్‌లో మా పొలంలో చెరువు గట్టు సరిచేయడానికి, మెస్కీట్ ముళ్లపొదలు పెకలించడానికి చాలా ఏళ్లుగా వాడుతున్నది క్యాటర్‌పిల్లర్ డీ4, 7యూ రకం, టైర్లకు బదులు ఇనుప చైన్ల మీద నడిచే బుల్డోజర్. ఇది 1947 నుంచి 1959 వరకు తయారైంది. నాలుగు సిలిండర్ల డీ315 డీజిల్ ఇంజన్, దాన్ని స్టార్ట్ చేయడానికి పక్కనే రెండు సిలిండర్ల చిన్న పెట్రోలు ఇంజన్. ఇంజన్ మొండిది, నమ్ముకోవచ్చు. ఇలాంటి బండి కొంటామని అడిగే మనవాళ్లకు నేను ముందు చెప్పేది స్టీరింగ్ క్లచ్‌ల గురించే.

ఒక్కో చైనుకు ఒక క్లచ్, ఒక లివర్, ఒక బ్రేకు పెడల్. లివర్ లాగితే ఆ వైపు చైనుకు పవర్ ఆగి బండి అటు తిరుగుతుంది. లోపల లైనింగ్ డిస్కులు, స్టీలు ప్లేట్లు మార్చి మార్చి పేర్చి ఉంటాయి. గట్టి స్ప్రింగులు వాటిని ఎప్పుడూ అదిమి ఉంచుతాయి. ఇవి ఆయిల్ తగలకుండా పొడిగా పనిచేయాల్సినవి. వానలో వదిలేసిన బండిలో నీళ్లు దిగితే ప్లేట్లు అదిమిన చోటే తుప్పుతో అతుక్కుపోతాయి. మా బండి వచ్చినప్పుడు రెండు వైపులా అదే పరిస్థితి. లివర్ లాగినా తిన్నగా పోయేది. దీన్ని చూసి క్లచ్ అరిగిపోయిందని తేల్చేస్తారు. అరిగిన క్లచ్ జారుతుంది గానీ ఇలా పట్టేయదు.

మొదట క్లచ్‌లు ఉండే రెండు గదుల అడుగున డ్రెయిన్ ప్లగ్గులు (నీళ్లు దించే బిరడాలు) తీశాను. ఎడమవైపు నుంచి టీ డికాక్షన్ రంగులో తుప్పునీళ్లు వచ్చాయి. నల్లటి గేరాయిల్ వచ్చి ఉంటే సీలు పోయినట్టు, అది వేరే పని. ప్లగ్గులు బిగించి రెండు గదుల్లోనూ కిరోసిన్ నింపి, లివర్లను వెనక్కి లాగి తాళ్లతో కట్టి నానబెట్టాను. ఇక్కడ తొందర పనికిరాదు. తర్వాత కిరోసిన్ పూర్తిగా దించి, ఆవిరి పోయేదాకా ఆగి, ఖాళీ స్థలంలో చిన్న గేరులో నడుపుతూ లివర్ లాగి అదే వైపు బ్రేకు తొక్కడం, వదలడం. కుడి క్లచ్ టప్పున విడిపోయింది, బండి ఒక్కసారిగా అటు తిరిగింది. కాబట్టి చుట్టుపక్కల మనుషులెవరూ ఉండకూడదు.

ఎడమది ఎంతకీ లొంగలేదు, విప్పాల్సి వచ్చింది. సీటు, డీజిల్ ట్యాంకు తీస్తే గానీ పై మూతలు అందవు. క్లచ్‌ను చేతులతో ఎత్తలేం, చైన్ బ్లాకు కావాలి. అన్నిటికంటే జాగ్రత్త స్ప్రింగుల దగ్గర. వాటిని పొడవాటి బోల్టులతో అన్ని వైపులా కొంచెం కొంచెంగా వదులు చేయాలి, ఒక్కదాన్నే విప్పితే ప్రమాదం. అతుక్కున్న ప్లేట్ల మధ్య పల్చటి పుట్టీ కత్తి పెట్టి చిన్న సుత్తితో తడితే ఒక్కొక్కటే ఊడొచ్చింది. లైనింగ్ ఇంకా మందంగా ఉండటంతో అవే డిస్కులు వాడాను. స్టీలు ప్లేట్లను గరుకు కాగితంతో రుద్ది, డిస్కుల పళ్లు జారే డ్రమ్ము గాడుల్లో పడ్డ గీతలను ఆకురాయితో సాపు చేశాను. ఆ గీతలు వదిలేస్తే క్లచ్ సగమే విడుస్తుంది.

ఆ తర్వాత మళ్లీ పట్టేయలేదు. లివర్లు బరువే, రోజంతా నడిపితే భుజాలు పట్టేస్తాయి. కానీ బ్లేడు నిండా మట్టి ఉన్నా చెప్పిన మాట వింటుంది. కొత్తగా నడిపేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి: నిటారు దిగుడులో కుడి లివర్ మాత్రమే లాగితే, పవర్ తెగిన కుడి చైను బరువుకు ముందుకు పరుగెడుతుంది, బండి ఎడమకు తిరుగుతుంది. అక్కడ బ్రేకు కూడా వాడాలి.

పని లేని నెలల్లో సీటు మీద టార్పాలిన్ కప్పి, బ్రేకులు లాక్ చేసి, లివర్లు వెనక్కి కట్టి ఉంచుతాను. డ్రెయిన్ ప్లగ్గులు తీసేసి టూల్ బాక్సులో పెడతాను. చేరిన నీళ్లు వాటంతటవే కారిపోతాయి. వాగులోకో, బురదలోకో దించే ముందు మాత్రం వాటిని మళ్లీ బిగించాలి.