లద్దాఖ్‌లో సముద్రపు అడుగు చూడాలంటే బెంగళూరు ఏజెంటును నమ్మకండి

మారతహళ్లిలో ఒక ట్రావెల్ ఆఫీసు, నడిపేది మన తెలుగువాళ్లే. "మీకెందుకక్కా టెన్షన్, నాన్నగారు ఎక్కడ ఆపమంటే అక్కడ ఆపుతారు" అని చెప్పి, విమానం టికెట్లు కాకుండా మనిషికి రూ.38,500 చొప్పున ముగ్గురికీ కట్టించుకున్నారు. మేం అడిగింది ఒక్కటే: లేహ్ నుంచి సింధు నది వెంట వెళ్లి, మహే వంతెన దాటి, సుమ్దో మీదుగా సో మొరీరి సరస్సు. తీరా లేహ్‌లో దిగితే డ్రైవర్ చేతిలోని కాగితంలో నుబ్రా, పాంగాంగ్ తప్ప ఇంకేం లేవు. ఏజెంటుకు ఫోన్ చేస్తే "ఏ సరస్సయితే ఏంటక్కా, పాంగాంగ్ ఇంకా బాగుంటుంది" అన్నాడు.

ఒళ్లు మండిపోయింది. మా నాన్న ఉద్యోగమంతా రాళ్లతోనే గడిపిన జియాలజిస్టు. హిమాలయాల్లో ఆఫియోలైట్, అంటే నేలమీదికి ఎక్కిన పాత సముద్రపు అడుగు, చూడాలని ఆయనకు ఏళ్ల నాటి కోరిక. ఆ పూట అన్నం కూడా సరిగా తినలేదు. మ్యాప్ మడిచి బ్యాగులో పెట్టేసి, "పోనీలేమ్మా" అన్నారు. మా ఆయన కూడా అదే పాట అందుకునేసరికి నా కోపం రెట్టింపైంది.

నుబ్రా, పాంగాంగ్ చూశాం, బాగున్నాయి. తిరిగొచ్చాక లేహ్ టాక్సీ స్టాండులో మేమే బండి మాట్లాడుకున్నాం. ఒక రాత్రి ఉండి రావడానికి రూ.14,500. ఈ డ్రైవర్ మాత్రం బంగారం. నాన్న చెయ్యెత్తితే చాలు, బండి ఆగేది.

ఉప్శి దాటాక ఊదారంగు, ఆకుపచ్చ పొరలు నిటారుగా నిలబడి కనిపిస్తాయి. చుమథాంగ్‌లో వేడినీటి ఊటలు, పక్కనే తెల్లటి గ్రానైట్. మహే వంతెన దాటి సుమ్దో దారి పట్టగానే కొండల రంగే మారిపోయింది. రోడ్డు పక్కన ఒక బండ దగ్గర నాన్న కూర్చుండిపోయారు. నలుపు కలిసిన ముదురు ఆకుపచ్చ, మధ్యమధ్య లేత పచ్చ చారలు, వేలితో రాస్తే సబ్బులా జారుతోంది. సర్పెంటినైట్. భూమి లోపలి మాంటిల్ రాయిలోకి నీరు చేరితే ఇలా మారుతుందట.

ఇండియాను మోస్తున్న భూఫలకం ఉత్తరానికి జరుగుతుంటే, ఇండియాకూ ఆసియాకూ మధ్య ఒకప్పుడున్న టెథిస్ సముద్రం అడుగు మెల్లగా కిందికి దిగిపోయింది. అది బరువైన రాయి, మామూలుగా మునిగిపోవాల్సిందే. కొన్ని ముక్కలు మాత్రం తెగి నేలమీదికి ఎక్కాయి. అడుగున పెరిడోటైట్ అనే మాంటిల్ రాయి, పైన లోపలే చల్లబడి గట్టిపడ్డ గాబ్రో, దానిపైన లావా, అన్నిటికంటే పైన సముద్రపు బురద గట్టిపడ్డ చెర్ట్, ఈ వరసే ఆఫియోలైట్. ఇక్కడి నిడార్ ఆఫియోలైట్ వయసు సుమారు 12 నుంచి 14 కోట్ల ఏళ్లు. ఖండాలు రెండూ గుద్దుకున్నది దాదాపు 5 కోట్ల ఏళ్ల కిందట. సో మొరీరి దగ్గరి రాళ్ల కథ ఇంకా ఆశ్చర్యం. అవి భారత ఖండపు అంచు. 90 కిలోమీటర్ల లోతుకు పైగా దిగి మళ్లీ పైకొచ్చాయి. వాటిలో దొరికిన కోయెసైట్ అనే ఖనిజం అంతటి ఒత్తిడిలో తప్ప పుట్టదు.

"అటు ఆసియా, ఇటు మన ఇండియా, మనం నిలబడింది సముద్రంలో" అన్నారు నాన్న. "పోనీలే" అన్న మా ఆయనే ఆ బండకు పాతిక ఫొటోలు తీశారు.

సరస్సు ఒడ్డున ఉన్న కోర్జోక్ ఊళ్లో గది రూ.3,000. వేడినీళ్లు బకెట్ లెక్కన ఇచ్చారు, చలికి ఎవరికీ నిద్ర లేదు. కానీ ఆ ఇంటావిడ పెట్టిన వేడివేడి పప్పన్నానికి ఎంతిచ్చినా తక్కువే.

బెంగళూరు వచ్చాక ఆ ఆఫీసు చుట్టూ తిరగ్గా తిరగ్గా రూ.9,000 వెనక్కిచ్చారు. క్షమాపణ ఒక్క ముక్క లేదు. కాబట్టి టికెట్లు మీరే కొనుక్కోండి, బండి లేహ్‌లోనే మాట్లాడుకోండి, దారిని ఊళ్ల పేర్లతో కాగితం మీద రాయించుకోండి. పెద్దవాళ్లుంటే లేహ్‌లో బాగా విశ్రాంతి తీసుకున్నాకే కదలండి, సో మొరీరి 4,500 మీటర్ల ఎత్తు. బయల్దేరే ముందు లాల్‌బాగ్‌లో కెంపేగౌడ గోపురం కింద ఉన్న బండను ఒకసారి చూసి వెళ్లండి. అది దాదాపు 300 కోట్ల ఏళ్ల పెనిన్సులార్ నైస్, దక్షిణ భారతానికి పునాదిలాంటి పాత రాయి. హిమాలయాలు ఎంత కొత్తవో అప్పుడు తెలుస్తుంది. సుత్తి మాత్రం తీసుకెళ్లకండి. ఆ రాళ్లు అక్కడే ఉండాలి.